అత్త బిడ్డకు తాపిన గాడిద పాలు

నాకు రాసుడు సరిగ రాదు. రెండో తరగతి దాకనే సదివిన. అచ్చరాలు వంకర టింకర ఉంటయ్, ఏమనుకోకుండ్రి. మొన్న మునిమనుమరాలికి సూది ఇప్పియ్యనీకె గద్వాల దవాఖానకు పోయినం. నర్సమ్మ, ఇది కోరింత దగ్గు రాకుండ గూడ పనిజేస్తదవ్వా, నువ్వా దగ్గు ఎప్పుడన్న జూసినవా అని అడిగింది. పిల్ల గుడ్డలు సర్దుకుంట కూసున్న. చెప్పబుద్ధి కాలే.

నాకు ఐదారేండ్లుంటయేమో అప్పుడు. మా మగ్గాల గల్లీల ఏ ఇంట్ల జూసినా పిల్లల దగ్గే. వనపర్తి దిక్కు గూడ గట్లనే ఉందని నూలు తెచ్చేటాయన చెప్పిండు. అమ్మోరికి టీకాలేసేటాయన వస్తుండె గని, ఈ దగ్గుకు సూది ఉంటదని మాకు తెల్వదు. తెలిసిందల్లా గాడిద పాలే. పొద్దుగాల గాడిదను తోలుకొని ఒకాయన వచ్చేటోడు. పాలు తాగనని నేను మొకం తిప్పుకుంటే మా నాయిన, తాగు బిడ్డా, దగ్గు పోయి మంచి గొంతొస్తది, గల్లీ అంత ఇనవడుతది అని నవ్వెటోడు. ఆ పాలు ఒక్క గిన్నెలనే పిల్లలందరికి తాపితే మిగిలినోళ్లకు దగ్గు తగలదని మా గల్లీల నమ్మిక. అందుకే అమ్మ నాకు సగం తాపి, అదే ఉగ్గుగిన్నె పట్టుకొని పక్కింట్ల ఉన్న మా మేనత్త కాడికి పోయింది. నేను దగ్గుకుంట ఎంబడే పోయిన. అత్తకు తొట్లె పిల్ల. ఎన్నో మొక్కులకు పుట్టింది.

అత్త ఎనకాముందాడింది. “నీ పిల్ల ఎంగిలి గదా వదినా. జర ఆగరాదు.”

అమ్మకు కోపమొచ్చింది. “నా చేతి పాలు ఇసమా ఏంది?”

అత్త పిల్లను ఒళ్లె పండవెట్టుకొని తనే నోరు తెరిపిచ్చింది.

నాకు తగ్గింది. ఆ పిల్లకు మొదలైంది. గింతంత పిల్ల, దగ్గనీకె గూడ బలం లేదు. మొకం నీలంగయ్యి ఊపిరి ఆగుతుండె. ఒకనాడు ఆగింది మల్ల రాలే.

అత్త మా ఇంటికి వచ్చుడు మానలే. మగ్గం కండెలకు నూలు చుట్టనీకె రోజు వచ్చేది. అంతకుముందు ఇద్దరు ఎదురెదురు కూసొని ముచ్చట్లు వెట్టేటోళ్లు. ఇప్పుడు అమ్మ గోడదిక్కు తిరిగి చుట్టేది. ఒకపారి అత్తనే అడిగింది. “ఇటు తిరుగు వదినా. నీ మొకం జూసి ఎన్నొద్దులాయె.”

అమ్మ తిరగలే. రాట్నం ఆపలే.

ఇప్పుడు ఇద్దరు లేరు. దినాలు పోతుంటే అన్ని మరుస్తరంటరు. నాకైతే అమ్మ ఈపే కండ్లల్ల ఉంది, మొకం యాదికి వస్తలేదు. తప్పులు వడ్డకాడ మీరే సక్కగ సదువుకోండ్రి, నన్ను మన్నించుండ్రి.