బండి ముందు స్టూలు

ఈ అరబ్బు దేశంలో మేముండే అబ్బాసియా పేట టైలర్ భాయ్ పోయారన్న వార్త నాకు ఫోన్లో, ఒక గులాబీ పువ్వు బొమ్మ కింద వచ్చింది. మా వాట్సాప్ గ్రూపు పెద్దమనిషి పెట్టాడు: "కొడుకును యాక్సిడెంట్లో పోగొట్టుకున్న మన టైలర్ భాయ్ గుండెపోటుతో కన్నుమూశారు" అని. దాని కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. నేను పెట్టలేదు. ఏ మాట వినబోనని ఆ మనిషి చివరిదాకా మొండికేశాడో, సరిగ్గా ఆ మాటతోనే సాగనంపారు.

ఆయన కొడుకుది యాక్సిడెంట్ కాదు. ఏసీలు బాగుచేసే కుర్రవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం బస్టాపులో నిలబడి ఉన్నాడు. ఊరి బయట కబ్ద్ తోటల్లో విందు ముగించుకుని, తాగి, కారు తోలుకుంటూ వచ్చిన మన జిల్లావాడే ఒకడు ఆ బస్టాపు మీదికి ఎక్కించాడు. తాగినవాడు జైలుకు పోయాడు, ఆ తర్వాత దేశం దాటించారు. చట్టం తన పని తాను చేసింది. మిగిలిన పని మనది. అది అలాగే మిగిలి ఉంది.

ఈ దేశంలో మందు లేదు. ఉండకూడదు గనక లేదు. అందుకని మావాళ్ళు దాన్ని 'కషాయం' అంటారు. నీళ్ళ సీసాలో వస్తుంది, నీళ్ళలాగే కనిపిస్తుంది. ఎవరు కాస్తారో అందరికీ తెలుసు, అడిగితే ఎవరికీ తెలియదు. మరి లేని సరుకు తాగి ఎవడైనా ఎలా గుద్దుతాడు? కాబట్టి అది యాక్సిడెంటే! నేను బడికి పోయినవాణ్ణి కాదు, బజ్జీల పొట్లాలు విప్పి చదువుకున్నవాణ్ణి. అయినా ఇంత పకడ్బందీ తర్కం ఏ పొట్లంలోనూ చూడలేదు.

పరామర్శకు దుకాణానికి వచ్చినవాళ్ళు "ఏం చేస్తాం భాయ్, యాక్సిడెంట్లు మన చేతిలో ఉంటాయా" అనగానే ఆయన కుట్టుమిషను ఆపేవారు.

"యాక్సిడెంటంటే టైరు పగిలేది. ఒంటె అడ్డమొచ్చేది. వాడు తాగినాడు, తాగి గుద్దినాడు. ఆ మాట చెప్పు, తర్వాత కూసో."

చెప్పలేక నిలబడే వెళ్ళిపోయినవాళ్ళున్నారు.

మనిషి కోపిష్ఠి అనుకునేరు. ఎగైలాలో అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు, 'మామా' అని పిలిచే యజమానురాలు ఇచ్చిన పొడుగు గౌన్లు మోసుకొచ్చి, "మామా ఇచ్చింది భాయ్, చుడీదార్ అవుతాదా?" అంటే, దగ్గర కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. ఎవరి బట్టకైనా లోపలి అంచున ఒక గుండీ ఎక్కువగా కుట్టి ఇచ్చేవారు. "ఊడినప్పుడు యాడ ఎతుకుతావు?" అనేవారు. నా పొట్టకు చొక్కా కుట్టడం మునిసిపాలిటీ పని అంటూనే కుట్టేవారు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ చొక్కానే వేసుకున్నాను, లోపలి గుండీ గుచ్చుకుంటోంది.

కొడుకును ఇక్కడే మట్టిలో పెట్టారు. రాయచోటి నుంచి భార్య ఫోన్ చేసి, ఇక వచ్చెయ్యమని ఏడ్చేది. "వాన్నొక్కన్నే ఈడ ఇడ్సిపెట్టి యాడికొచ్చేది?" అని ఫోన్ పెట్టేసి, దారం ఎక్కించమని సూది నా చేతికిచ్చేవారు. నా చూపు అంతకంటే అన్యాయం. ఇద్దరం ఒక సూదితో తంటాలు పడేవాళ్ళం. ఈలోగా ఏడుపు తనంతట తానే సర్దుకునేది.

తర్వాత ఆయన శుక్రవారాలు కబ్ద్‌కు రావడం మొదలుపెట్టారు. అక్కడొక తోటకు మనవాడే కాపలా. సంగటి, నాటుకోడి పులుసు అందరికీ. మేకల పాక వెనక కషాయం కొందరికి. భాయ్ కుట్టుమిషను ముందుండే పొట్టి స్టూలు చంకన పెట్టుకుని వచ్చేవారు. పాక వెనక నుంచి వచ్చినవాడు కారెక్కగానే, స్టూలు తీసుకెళ్ళి ఆ కారు ముందు వేసుకుని, బంపరుకు వీపు ఆనించి కూర్చునేవారు.

"ఏం భాయ్, ఆడ కూసున్నావు?"

"గుండీలు కుడతాండా."

"బండి ముందరా?"

"ఈడ వెలుతురు బాగుండాది."

"లెయ్ భాయ్, డ్యూటీ ఉండాది, మా అరబ్బు కఫీల్ తిడతాడు."

"నడిసి పో. నడిసేటోడు ఎవురినీ గుద్దడు."

మొదటిసారి ఆ కారువాడు తాపీగా వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. బండికి వెనకవైపు కూడా ఉంటుందన్నది భాయ్‌కి తట్టలేదు! మరుసటి వారం నుంచి కారుకు ఎటు దారి ఉందో చూసుకుని మరీ అటు కూర్చునేవారు. పిచ్చోడన్నారు. బూతులు తిట్టారు. ఫోన్లో బొమ్మ తీసి గ్రూపులో పెట్టి నవ్వుకున్నారు. కానీ ఆయన లేస్తే గదా! విసుగెత్తి, ఇంకొకరి బండిలో వెళ్ళేవారు. ఆ స్టూలును దాటి ఏ కారూ కదల్లేదు.

ఇప్పుడు ఆయన్నీ కొడుకు ఉన్న శ్మశానంలోనే పెట్టారు. మొన్న శుక్రవారం ఆయన పేరు మీద అదే తోటలో భోజనాలు ఏర్పాటు చేశారు. గ్రూపు పెద్దమనిషి లేచి నిలబడి మాట్లాడాడు. భాయ్ సహనమూర్తి అన్నాడు. సహనమా? ఆ మనిషికి ఉన్న సుగుణమల్లా సహనం లేకపోవడమే! చివర్లో మళ్ళీ "ఆ దురదృష్టకరమైన యాక్సిడెంట్" అన్నాడు.

"తాగి గుద్దినాడు," అన్నాను కూర్చున్నచోటి నుంచే.

"పెద్దాయనా, సచ్చినోళ్ళ దినమప్పుడు అయ్యెందుకు? ఖలాస్, వదిలెయ్," అన్నాడు.

ఆ పెద్దమనిషే చేతులు కడుక్కుని పాక వెనక్కి వెళ్ళాడు. భాయ్ పేరు మీద భోజనాలు పెట్టిన రోజునే! తిరిగొచ్చేటప్పుడు అడుగు తడబడుతోంది, చేతిలో తాళంచెవి ఉంది. కారు వెనకభాగం మట్టిగోడకు ఆనించి ఉంది, వెనక్కి పోయే దారి లేదు. అందరికీ హఠాత్తుగా మేకలు చూడబుద్ధయింది.

భాయ్ చివరి శుక్రవారం అక్కడే వదిలి వెళ్ళిన స్టూలు గోడ పక్కనే ఉంది. ఎవరో దాని మీద నీళ్ళ క్యాను పెట్టారు. క్యాను దించి, స్టూలు తెచ్చి కారు ముందు వేసుకున్నాను. నా మోకాళ్ళ సంగతి మీకు తెలియదు, అది వేరే కథ. ఎలాగో కూలబడ్డాను.

"ఏం చేస్తాండావు పెద్దాయనా ఆడ? లెయ్! యల్లా!"

నాకు గుండీలు కుట్టడం రాదు. చేతులేం చేయాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక హారన్ మోగింది, మళ్ళీ మోగింది. ఇంజను వేడి భాయ్ కుట్టిన చొక్కాలోంచి వీపుకు తగులుతూనే ఉంది.