అమీర్‌పేట సందులో ఒరిగిపోయిన కారు

విజయవాడ నుంచి హైదరాబాద్ పంజాగుట్టలోని ఆసుపత్రికి మేం బయల్దేరింది ఒకే ఒక్క రేడియేషన్ సిట్టింగ్ కోసం. నా భార్య సరళకు కాన్సర్ ఎముకలకు పాకింది. జబ్బు తగ్గేది కాదనీ, నడుం నొప్పి మాత్రం కాస్త తగ్గొచ్చనీ డాక్టరుగారు ముందే చెప్పారు. అంతకు ముందు నెల అంబులెన్సులో వెళ్తుంటే ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర ఆమె పక్కటెముక విరిగింది. అప్పటి నుంచి అంబులెన్సు మాటెత్తితేనే వణికిపోయేది. అందుకే మా బావగారి పాత కారు అడిగి తెచ్చాను. దాని చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నిండిన రబ్బరు సంచులు ఉంటాయి. గుంతలు అంతగా తెలియవు. ఇలాంటి కారులో ఇలాంటి మనిషిని తీసుకెళ్లాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఉదయం ఐదింటికి బయల్దేరాం. సూర్యాపేటలో ఆగితే సరళ అరకప్పు టీ తాగింది, ఇడ్లీ వద్దంది. ఎల్బీ నగర్, ఖైరతాబాద్ మీదుగా పదింటికి అమీర్‌పేట చేరాం. మెట్రో స్టేషన్ వెనక సందులో రోజుకు పదిహేను వందలకు లాడ్జి గది. సిట్టింగ్ పన్నెండున్నరకు, అది తప్పితే మళ్లీ వారం తర్వాతే. నేను లోపల సంతకం పెట్టి వచ్చేసరికి కారు వెనక ఎడమవైపు చక్రం మీదికి దిగిపోయి ఉంది. వెనక సీట్లో దిండ్ల మీద పడుకున్న సరళ తలుపు వైపు జారిపోయి, పైన హ్యాండిల్ పట్టుకుని వేలాడుతోంది.

"ఏవండీ, కారు పడిపోతోంది" అంది.

సర్వీస్ సెంటరుకు ఫోన్ చేస్తే, ఆ సంచుల్లో గాలి నింపే కంప్రెసర్ పోయి ఉంటుంది, బాగుచెయ్యడానికి రెండు రోజులు పడుతుందన్నారు. లాడ్జి ఆయన బల్కంపేట వైపు ఉండే కారు ఎలక్ట్రీషియన్ యాదగిరికి కబురు చేశాడు. పావుగంటలో స్కూటర్ మీద వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ముందు ఫ్యూజు చూశాడు, రిలే చూశాడు, కంప్రెసర్‌కు నేరుగా కరెంటు ఇచ్చాడు. అది గుర్రుమంది.

"కంప్రెసర్ పోయిందని ఎవరన్నరు సార్? అది మంచిగనే ఉన్నది. కంప్యూటర్ బంద్ పెట్టింది."

"ఎందుకండీ?"

"గీ చక్రం కాడ సెన్సర్ ఉంటది. బండి ఎంత ఎత్తుల ఉన్నదో అది చెప్తది. తప్పు చెప్తే బండి ఎక్కువ లేచిందనుకొని కంప్యూటర్ గాలి ఇడుస్తది, మల్ల కొట్టుడు ఆపేస్తది."

"అయితే సెన్సర్ మార్చాలా?"

"అందరు గట్లనే మారుస్తరు. జర ఆగున్రి, ముందు వైరు చూస్త. మేడమ్‌ను దింపాలె సార్. లోపల మనిషుంటే నేను జాకీ పెట్ట."

సరళ లోపలి నుంచే అంది. "నన్ను దింపొద్దండీ. దిగితే మళ్లీ ఎక్కలేను."

యాదగిరి కిటికీలోంచి ఆమెను చూశాడు. వెళ్లి లాడ్జి వెనక నుంచి నాలుగు చెక్క దిమ్మలు తెచ్చాడు. "సరే అమ్మా. నువ్వెంత అంటే అంతే లేపుత. నొప్పైతే ఆగు అను."

జాకీ అర తిప్పు తిప్పడం, కింద చెక్క దిమ్మ జరపడం, ఆగి అడగడం.

"ఇంకొంచెం లేపాల్నా అమ్మా?"

"ఊఁ."

జానెడు ఎత్తు లేవడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. నేను ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు ఆగమంది. రెండోసారి పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది.

దిమ్మలు గట్టిగా ఉన్నాయని చూసుకున్నాకే అతను చెయ్యి లోపల పెట్టాడు. సెన్సర్ ప్లగ్గు దగ్గర ఐదు వోల్టులు ఉండాలట. మీటరు మూడు చూపించింది. వైరు కదిపితే అంకె ఎగిరెగిరి పడింది. టేపు ఒలిస్తే, ఇనుప కడ్డీకి రాసుకుని వైరు మీది తోలు పోయిన చోట రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. పాడైన ముక్క కోసేసి, కొత్త వైరు అతికించి, పైన గొట్టం తొడిగాడు. స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్‌లో నమోదైన పాత తప్పు చెరిపి, నాతో ఇంజన్ స్టార్ట్ చేయించాడు. కారు దిమ్మల మీంచి మెల్లగా లేచి సమంగా నిలబడింది. సరళ ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది.

పదకొండూ యాభై. యాదగిరి ఎనిమిది వందలు తీసుకున్నాడు. "నా ఎనకనే రాన్రి. గుంత ఉన్నకాడ చెయ్యి ఎత్తుత" అంటూ స్కూటర్ ఎక్కాడు. రెండు కిలోమీటర్లు లేని ఆ దారికి అరగంట పట్టింది. పంజాగుట్ట చౌరస్తా దాకా ఎన్నిసార్లు చెయ్యెత్తాడో లెక్కలేదు.

సిట్టింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. మూడు రోజులు నొప్పి పెరిగింది, నాలుగో రోజు నుంచి తగ్గింది. చాలా నెలల తర్వాత సరళ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అలా ముప్పై రెండు రోజులు. తర్వాత పోయింది. వెళ్లడం వృథా అయిందా అని బంధువులు అడిగారు. వాళ్లెవరూ ఆమె పక్కన పడుకోలేదు. ఆ సందులో ఆమె పడ్డ బాధ మాత్రం నన్ను వదలడం లేదు. కారు తెచ్చింది నేను. ఎక్కించింది నేను.

మీరు ఇలాంటి కారులో రోగిని తీసుకెళ్తుంటే, రెండు మూడు రోజుల ముందు నుంచే పొద్దున, సాయంత్రం నాలుగు చక్రాల పైనా బాడీ ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. ఏ మూలైనా రెండు వేళ్ల మందం దిగితే బయల్దేరకండి. ముందు వైర్లు చూపించండి. నేను కొలవలేదు.