పెళ్లిచూపుల పొద్దున నాలుక గీసుకుంటే

ఘటనా స్థలంలో ఉన్న వస్తువులు: ఎల్లారెడ్డిలో మా అక్క ఇంటి పెరట్లో ఒక నల్లా, చెంబు, అద్దం ముక్క, కొత్త స్టీలు నాలుకబద్ద. ఉన్న మనుషులు: నేను, అక్క, పిట్టగోడ అవతల నర్సింలు మామ. జరగబోయే ఘోరానికి కారణం వీటిలో ఏదని అడిగితే మీరు నాలుకబద్ద అంటారు. తప్పు. నేను.

నర్సింలు మామ కూతురు స్వప్నతో ఆ పొద్దున తొమ్మిదింటికి నా పెళ్లిచూపులు. అందుకే ముందు రోజే కామారెడ్డిలో బస్సెక్కి వచ్చాను. ఫొటో చూసినప్పుడే నేను మనసులో ఒప్పేసుకున్నాను. మామది ఒకటే షరతు: అల్లుడు తాగేవాడు కాకూడదు. నేను ముట్టను. లెక్క ప్రకారం అంతా సరిపోవాలి.

మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ని కదా, అద్దంలో నాలుక వెనక భాగాన తెల్లని పూత కనబడగానే ఊరుకోలేకపోయాను. మామూలు మనిషి మెల్లగా నాలుగు గీతలు గీసి, పుక్కిలించి వెళ్లిపోతాడు. నేను తుప్పు పట్టిన షాఫ్టును రుద్దినట్టు మెరుపొచ్చేదాకా గీశాను. తృప్తి పడక కొండనాలుక దాకా వెళ్లాను.

"వ్వాఆఆక్!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదయ్యేసరికి ఊరు లేచి కూర్చుంది.

"ఏంది బిడ్డా గా చప్పుడు? బర్రె గిట్ల ఈనుతున్నదా?" గోడ అవతలి నుంచి మామ అడిగాడు.

"కాదు మామా, మా తమ్ముడు ముఖం కడుగుతుండు," అంది అక్క.

"ముఖం కడిగితే గట్లనా? రాత్రి తాగింది దిగలేదేమో. సల్లల నిమ్మకాయ పిండి తాపు."

"అయ్యో, మావోడు తాగడు మామా!"

"అందరు గట్లనే అంటరు."

ఖండిద్దామని నోరు తెరిచాను. ఇంకో "వ్వాక్" వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నాది ఊడలేదు, ఉబ్బింది. తొమ్మిదింటికి మామ ఇంట్లో కూర్చునేసరికి పులిసిన దోసెపిండిలా నోరంతా నిండిపోయింది.

"ఏం చదివినవ్ బిడ్డా?"

"డిఫ్ఫొమా... మెకానికఫ్..."

మామ అక్క వైపు తిరిగాడు. "చూసినవా? నాలిక తిరుగుతలేదు."

"గీకి గీకి వాచింది మామా, దేవుని తోడు!"

రుజువు లేని మాట ఎవరు నమ్ముతారు? సంబంధం చేజారిపోతోంది. స్వప్న చాయ్ పట్టుకొచ్చి నిలబడ్డ క్షణానే నాలుక బారెడు బయటపెట్టాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. తన తల్లిని పిలిచాడు. ఇద్దరూ కలిసి, అంగట్లో ఎద్దు పండ్లు చూసినట్టు, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు.

"తాగినోని నాలిక గాదురా ఇది," అవ్వ తేల్చేసింది. "మీ నాయనది దినాం చూస్తుంటి గద, నాకు ఎరుకలేదా? పోరడు మంచోడే. పాపం, తోలు లేసింది."

మామ ముఖం విప్పారింది. "గట్లయితే మాకిష్టమే. నువ్వేమంటవ్ బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

స్వప్న నా నాలుకను ఇంకోసారి చూసింది. అవును, లోపలికి తీసుకోవడం నేను మరిచిపోయాను.

"తాగకుంటే మంచిదే బాపూ. గని సొంత నాలికనే గిట్ల గీకేటోడు, నేను తోమిన గిన్నెలు చూసి ఊకుంటడా? నాతోని కాదు."

పాఠకులారా, మీ సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక మీద నాలుకను మెత్తగా, బతిమాలినట్టు గీస్తాను. కొండనాలుక జోలికి చచ్చినా పోను. పెళ్లిచూపుల నాడైతే పుక్కిలించి ఊరుకుంటాను.

ఆ తర్వాత మావాళ్లు నాలుగు సంబంధాలు చూశారు. కుదిరినవి సున్నా.