ఐదు చలికాలాల బూట్లు

హవల్లీలో ఉన్నన్నాళ్ళూ మా ఫ్లాట్ గోడకి ఒక్క మేకు కొట్టలేదు. గోడ గడియారం ఫ్రిజ్ మీద ఆనించి ఉండేది. సోఫా, ఊరెళ్ళిపోతున్న వాళ్ళెవరో అమ్ముకుంటే తెచ్చుకున్నది. ఒక పక్క కూర్చుంటే రెండో పక్క పైకి లేచేది. కర్టెన్లు కిటికీ కంటే జానెడు పొట్టి. ఏది కొందామన్నా మా ఆయన "ఎందుకు, ఇంకెంత, ఈ ఒక్క ఏడాదేగా" అనేవారు. కువైట్‌లో మనవాళ్ళ ఇళ్ళు చాలావరకు ఇంతే. దిగిన రోజు నుంచీ అందరం వెళ్ళిపోతూనే ఉంటాం. ఏళ్ళు గడిచినా ఇంకా వెళ్ళిపోతూనే ఉంటాం.

నాకు మాత్రం నిజంగానే వెళ్ళాల్సిన గడువు ఉండేది. ఉయ్యూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. రెండుసార్లు పరీక్ష రాసి సంపాదించుకున్న ఉద్యోగం. పెళ్ళయ్యాక జీతం లేని సెలవు పెట్టి ఈయన వెంట వచ్చాను. ఆ సెలవు ఆ వచ్చే జూన్‌తో అయిపోతుంది. బళ్ళు తెరిచేనాటికి వెళ్ళి చేరకపోతే ఇక ఆ ఉద్యోగం మర్చిపోవాల్సిందే. అందుకని ఇద్దరం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఇదే ఆఖరి చలికాలం. మార్చిలో ఆయన ఆఫీసులో రాజీనామా ఇస్తారు, మా అమ్మాయి పరీక్షలవగానే ముగ్గురం బయల్దేరతాం. ఆ మాట అన్నది ఆయనే, నేను తలూపాను.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఆయన టీ తాగుతూ, "ఈసారి చలికి మంచి బూట్లు కొనుక్కోవాలి" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కువైట్‌లో చలి లేదని కాదు. జనవరిలో ఎడారి మీంచి గాలి తోలిందంటే చెవులు మొద్దుబారిపోతాయి. ఒక్క వాన పడితే రోడ్లన్నీ చెరువులే. కానీ అంతా కలిపి చూసుకుంటే రెండు నెలల ముచ్చట. పోనీ ఈయనేమన్నా చలిలో తిరిగే మనిషా అంటే అదీ కాదు. ఫ్లాట్ నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి కార్పెట్ పరిచిన ఆఫీసు. అంతకు ముందు చలికాలాలన్నీ శుక్రవారం సంతలో తెచ్చుకున్న చవక బూట్లతోనే గడిపారు. ఫిబ్రవరి వచ్చేసరికి వాటి సోలు నోరు తెరిచేది, కింద చెత్తడబ్బాలో పడేసి చేతులు దులుపుకునేవారు. అలాంటి మనిషి ఈసారి ఫోన్ ముందు పెట్టుకుని బూట్ల మీద వీడియోలు చూడటం మొదలుపెట్టారు.

పెళ్ళిచూపుల్లో నన్ను చూసింది కాఫీ చల్లారేలోపే. బూట్లని మాత్రం మూడు వారాలు చూశారు. ఆయనకి కావాల్సిన లక్షణాలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. మరీ మెరవకూడదు, అలాగని సైటులో వేసుకునే సేఫ్టీ బూట్లలా మొరటుగానూ ఉండకూడదు. మీటింగులో ప్యాంటు కింద మర్యాదగా కనపడాలి, సెలవురోజున జీన్స్ మీదకి కూడా నప్పాలి. సోలు జిగురుతో అంటించింది పనికిరాదు, కుట్టినదే కావాలి. తడి టైల్స్ మీద జారకూడదు. బురద పడితే తుడిస్తే పోవాలి. రంగు ముదురు గోధుమ. మందం సాక్సు వేసుకున్నాక కూడా వేళ్ళు ఆడాలి. ఆ బురద మాట దగ్గరే నేను ఆగాల్సింది. హవల్లీలో మా లిఫ్టులో బురద ఎక్కడిదని అడగాల్సింది. అడగలేదు, మగవాళ్ళకి అప్పుడప్పుడు ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుందిలే అనుకున్నాను.

కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాం. పెద్ద మాల్‌లో లోపలంతా బొచ్చు ఉన్న బూట్లు, హిమాలయాలకి పోయేవాళ్ళ కోసం చేసినవి, ఏసీ చల్లగాలి కింద వరసగా పెట్టారు. ఈయన వాటిని వేసుకుని అద్దం ముందు నాలుగడుగులు వేశారు. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో షాపులో ముక్కు కోసుగా ఉన్నవి చూపించారు. "ఇవి పెళ్ళికొడుక్కి" అని ఈయన పెదవి విరిచారు. ఇంకోచోట అన్నీ బాగున్నాయిగానీ, ఈయన సోలు వంచి చూసి, వాసన చూసి, కుట్టు మీద గోరు పెట్టి గీకుతుంటే షాపువాడే వాటిని మెల్లిగా లాగేసుకున్నాడు.

చివరికి సిటీలో ఒక సందు చివరున్న చిన్న షాపులో దొరికాయి. అందులో అమ్మే మనిషిది రాయచోటి. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని స్టూలు తెచ్చి వేశాడు. ఈయన లక్షణాలన్నీ ఓపిగ్గా విని లోపలికెళ్ళి ఒక్క జతే తెచ్చాడు. ముదురు గోధుమ రంగు, చీలమండ పైదాకా, పక్కన జిప్పు, సోలు చుట్టూ లావుపాటి దారంతో కుట్టు. ఈయన వేసుకుని లేచి నిలబడ్డారు. ఎంత కోపం తెచ్చుకుని గుర్తుచేసుకున్నా ఒక మాట ఒప్పుకోక తప్పదు, బాగున్నాయి. ఆఫీసుకీ బాగున్నాయి, బయటికీ బాగున్నాయి. మనిషి కూడా రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టున్నారు.

"ఎన్నాళ్ళు వస్తాయి?" అని అడిగారు ఈయన.

"మీరు దినామూ యేసుకున్యా అయిదు చలికాలాలు యేం కాదు సార్. నేను చెప్తాండా గదా" అన్నాడు అతను.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. చవక సోఫా కొన్న మనిషి, మేకు కూడా కొట్టనివ్వని మనిషి, ఆఖరి చలికాలానికి అయిదు చలికాలాల బూట్లు దొరికాయని మురిసిపోతున్నారు.

"అయిదేళ్ళు ఎందుకండీ మనకి?" అన్నాను.

ఆయన వంగి జిప్పు సర్దుకోవడంలో మునిగిపోయారు. ఆ జిప్పులో సర్దడానికి ఏమీ లేదు.

నేను షాపతని వైపు తిరిగి, "ఇంత గట్టివి వద్దండి. మార్చి దాకా ఆగేవి ఉంటే చూపించండి" అన్నాను.

అతను నా వంకా ఆయన వంకా చూశాడు. బేరమాడుతున్నాననుకున్నట్టున్నాడు. "మేడమ్, శానా యేండ్లుగా ఈడ్నే ఉండా. గట్టియి కావాలని అడిగినోళ్ళే గానీ, బిరీన తెగిపొయ్యేటివి కావాలని అడిగినోళ్ళు ఎవురూ రాలే" అన్నాడు. మళ్ళీ లోపలి వైపు చెయ్యి చూపిస్తూ, "ఇంగా గట్టియి కూడా ఉండాయి, జూపియ్యమంటారా?" అన్నాడు.

ఇక వద్దన్నాను. ఈయన గబగబా డబ్బు కట్టేశారు. పాత బూట్లు సంచీలో పెట్టించుకుని, కొత్తవి కాళ్ళకి ఉంచుకునే షాపు దిగారు.

కారులో అమ్మాయి వెనక సీట్లో నిద్రపోయింది. నేను అడిగేలోపు ఆయనే నీళ్ళు నములుతూ చెప్పారు. కంపెనీ కొత్త ప్రాజెక్టు తీసుకుంది, ఎడారి వైపు. పొద్దున అక్కడి సైట్ ఆఫీసులో ఉండాలి, మధ్యాహ్నం సిటీకి వచ్చి మీటింగులు చూడాలి. హోదా పెరుగుతుంది. ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, ఇఖామా కూడా రెన్యువల్ చేయిస్తామన్నారు. ఆయన సరేనన్నారు. ఇదంతా అయ్యి పదిహేను రోజులు. అంటే ఈయన నాకు బురద తుడిస్తే పోయే తోలు గురించి పాఠం చెప్తున్నప్పుడే ఆ సరే కూడా చెప్పేశారన్నమాట.

"మరి నా ఉద్యోగం?" అన్నాను.

"నువ్వు వెళ్ళి చేరు. ఎవరు వద్దన్నారు? నేను కాస్త వెనక వస్తా."

"కాస్త అంటే?"

సిగ్నల్ దగ్గర కారు ఆపి, ఆయన కాళ్ళ వైపు చూసుకున్నారు. నన్ను నవ్వించాలనుకున్నారు పాపం. "ఈ బూట్లు అరిగిపోయేలోపు వచ్చేస్తా. సరేనా?" అన్నారు.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. గుక్క తిప్పుకోకుండా ఏదో అనబోయి అమ్మాయి లేస్తుందని ఊరుకున్నాను. మూడు వారాలు వెంట తిరిగి, సోలు వంచి చూపిస్తే తలూపి, "కుట్టు బాగుందండీ" అని సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. నాలాంటి తెలివైనది ఇంకొకత్తి ఉండదు.

జూన్‌లో నేనూ అమ్మాయీ వచ్చేశాం. బళ్ళు తెరిచిన రోజు సంతకం పెట్టి తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్ళి చాక్‌పీసు పట్టుకుని బోర్డంతా లెక్కలతో నింపేశాను, సంతోషం పట్టలేక. ఇల్లు అద్దెకి తీసుకుని మొదటి రోజే గోడలకి ఎడాపెడా మేకులు కొట్టించాను. కర్టెన్లు నేల మీద జీరాడేంత పొడుగు కుట్టించాను. ఇవన్నీ వీడియో కాల్లో ఆయనకి చూపిస్తే "బాగుంది, బాగుంది" అనేవారు. నేను మాత్రం ఏదో వంక పెట్టి, "ఏవీ, బూట్లు ఎలా ఉన్నాయి?" అని అడిగేదాన్ని. ఆయన నాకు వాటి మీద ప్రేమ అనుకున్నారు. ప్రతిసారీ కాలెత్తి చూపించేవారు. బ్రహ్మాండంగా ఉన్నాయనేవారు. సైట్‌లో అందరూ ఎక్కడ కొన్నారని అడుగుతున్నారట. ఒక భార్య తన మొగుడి బూట్లు చిరిగిపోవాలని దేవుడికి మొక్కుకోవడం తప్పో ఒప్పో నాకు తెలీదు. మొక్కుకున్నాను.

ఆ బూట్లకి ఇది మూడో చలికాలం. మొన్న శుక్రవారం సాయంత్రం ఆయన వీడియో కాల్ చేశారు. "మొన్న వానకి బూట్లలోకి నీళ్ళొచ్చాయి. సోలు పూర్తిగా అరిగిపోయింది" అన్నారు.

నేను కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. టికెట్ ఎప్పటికని అడగబోతూ, ఆయనే చెప్పాలిలే అని ఆగాను. వంటింట్లో పొయ్యి కూడా కట్టేసి వచ్చాను, ఒక్క మాట కూడా పోకూడదని.

"ఇక్కడ అబ్బాసియాలో మనవాడే ఒకతను దొరికాడు. కొత్త సోలు వేసి మళ్ళీ చుట్టూ కుట్టేశాడు. తోలు అసలు చెక్కు చెదరలేదట" అన్నారు. ఫోను కిందికి దించి కాలు చూపించారు. "చూడు ఎలా ఉన్నాయో. ఇంకో అయిదేళ్ళ దాకా ఢోకా లేదు."

మెచ్చుకుంటానని ఎదురు చూస్తూ నవ్వుతున్నారు. కారులో అన్న మాట ఆయనకి గుర్తే లేదని ఆ నవ్వు చూస్తే తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది. "బాగున్నాయండీ" అన్నాను.