రెండువేల ఐదువందల ఇరవై పోగులు

మొన్న కర్నూలులో ఆటో ఎక్కితే, పక్కనామె కట్టుకున్న కొత్త నూలుచీర గంజివాసన ముక్కుకు తగిలి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎమ్మిగనూరులో మా వీధికి పోయినాను. ఎండాకాలం తెల్లవారుజామున వీధి పొడవునా పడుగులు సాచి పెద్దవాళ్లు గంజి పెడుతుంటే, మేము పిల్లకాయలం బొరుగుల ఉగ్గాని పొట్లాలు చేతబట్టుకొని ఆ నూలు కిందుగా దూరి తిట్లు తినేవాళ్లం.

మా నాయన నేసేది ఏడు రంగుల గళ్లచీర. పుంజమంటే నూట ఇరవై పోగులు. చీరకు ఇరవైఒక్క పుంజాలు, అంటే రెండువేల ఐదువందల ఇరవై. ఆ సంఖ్యతోనే మాకు ఆట. ఒకటి నుంచి పది దాకా దేంతో భాగించినా ఏమీ మిగలదు: ఏడుతో మూడువందల అరవై, తొమ్మిదితో రెండువందల ఎనభై. అందులో ఒక్క పోగు తీసేస్తే మాత్రం రెండుతో ఒకటి మిగులుతుంది, మూడుతో రెండు, పదితో తొమ్మిది, ఏదీ సరిపోదు. శేషం తప్పు చెప్పినవాళ్లకు నెత్తిన మొట్టికాయ.

ఒక ఏడు వానల్లేవు. సగం వీధి ఇండ్లకు తాళాలేసి పత్తి కోతల కూలికి వలస పోయింది. నూలిచ్చి నేయించుకునే సావుకారి, మా నాయనకు ఒక్క పడుగుకే నూలిచ్చి, ఇది బాగా నేస్తేనే ఇంకోటి అన్నాడు. మగ్గం ఆగితే మేమూ పోవాల్సిందే, నా బడీ ఆగాల్సిందే. 

మా వాళ్లు లెక్కను ఒకటితో మొదలుపెట్టరు, మొదటిదాన్ని ‘లాభం’ అంటారు. ఆ రోజు నాయన జ్వరంతో వణుకుతూ పడుగు పోసే గుంజల ముందర నిలబడి, ఉత్త చేతులు జోడించి, దేవుణ్ణి అడుక్కున్నట్టు ‘లాభం’ అన్నాడు. తర్వాత మొదటి పుంజం పోసి ‘రెండు’ అన్నాడు. ఎవరమూ గమనించలేదు.

గంజి ఆరినాక అమ్మ అంచు దగ్గర ఆగిపోయింది. “ఏమయ్యా, ఈడ గడి సగం కూడా లేదే!”

రంగుకు తొమ్మిది చొప్పున గడికి అరవైమూడు పోగులు. నేను వేళ్లమీద గుణించి చూసినాను. ముప్పైఎనిమిది గళ్లు పోను ఆరు పోగులు మిగిలినాయి. నలభై గళ్లు రావాల్సింది, ఒక పుంజం తక్కువ.

“లాభం అన్నప్పుడు నా చేతిలో నూలే లేకపాయె గదే,” అని నాయన వీధిలోనే కూలబడ్డాడు.

బుట్టలో మిగిలిపోయిన నూలును విడిగా గంజిపెట్టి కలిపినాడు. బిగువు కుదరలేదు, పోగులు తెగుతూనే ఉన్నాయి, చీర ఒకపక్క ముడుచుకుపోయింది. సావుకారి ఇంకో పడుగు ఇవ్వలేదు. దసరానాటికి మేము గుంటూరు పక్క పత్తి చేలల్లో ఉన్నాం. అక్కడ మూటలు లెక్కబెట్టేటప్పుడు నాయన ‘ఒకటి’ అనే మొదలుపెట్టేవాడు. వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు నాయన లేడు. వీధిలో ఒక్క మగ్గమూ లేదు, పడుగు గుంజలు పాతినచోట బైకులు నిలబెడుతున్నారు. ఒకటి నుంచి పది దాకా అన్నింటి క.సా.గు. ఎంతంటే నా కూతురు టక్కున చెప్తుంది. ఆ పాఠం దాకా నేను బడికి పోలేదు.