పురిటింటి ముందు చెప్పులు

మామిడి పూత మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఊళ్లో నా ప్రమాణాలకు పెద్ద విలువ లేదు గానీ, మీరు మా ఊరివారు కాదు కదా.

మాఘమాసపు ఎండలో మా నూజివీడు తోటంతా పూత వాసనతో మత్తెక్కి ఉంది. వగరూ తీపీ కలిసిన ఆ గాలి పీలుస్తూ నడుస్తుంటే అరికాల్లో ముల్లు దిగింది. యాభై దాటిన మనిషిని, బంగారంలాంటి చెప్పులు గట్టు మీద వదిలి ఒట్టికాళ్లతో తిరుగుతున్నానంటే కారణం దేవదానం మాస్టారు. ఆయన పోయి మూడేళ్లయింది. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో ముందు వరస ఆయనది. మిగతా ఆరు రోజులూ మా పక్కనే ఉన్న రెండెకరాల చిన్నరసాల తోట. ఆ రసాలు తిని చీమలకు షుగర్ వచ్చిందని ఊళ్లో పుకారు పుట్టించింది నేనే. ఆయన నవ్వలేదు. ఎన్ని చీమల్ని పరీక్ష చేశావని అడిగారు. అలాంటి మనిషితో గట్టు పంచుకోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

పూత వచ్చిందంటే చాలు, మా తోటలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మా గుళ్లో దేవుడికి దండం పెట్టరు గానీ, మా చెట్లకి చెప్పులు విప్పుతారేంటండీ?"

"మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నానయ్యా. పూత మీదున్న తోట పురిటిల్లు అనేవారు. నీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. నేను విని ఉండను. మా నాన్న భక్తిని నాకు చర్చి మాస్టారు పాఠంగా చెప్పడమేంటని ఒళ్లు మండింది.

ఆ ఏడు పూత నిండుగా విచ్చుకున్నాక తేనెమంచు పురుగు దిగింది. చెట్టు కింద నడిస్తే తల మీద జిగురు చినుకులు. కాపంతా పోతుందన్న భయంతో నాకు అన్నం సహించలేదు. మందుల షాపువాడు రెండు మందులు కలిపి కొట్టమన్నాడు. ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టి, మందు డబ్బాకు కూడా కుంకుమబొట్టు పెట్టి తోటకు వెళితే, నడిమి బంగినపల్లి చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని మాస్టారు.

"విషానికి బొట్టెందుకు పెట్టావయ్యా?"

పురుగు పట్టిందని, కాపు పోతే ఏడాదంతా ఏం తినాలని మొరపెట్టుకున్నాను. పూత విచ్చకముందే కొట్టమని ఆయన రెండుసార్లు చెప్పిన మాట నిజమే. ఆ సంగతి ఆయన మళ్లీ గుర్తు చేయడమే నాకు మరీ చిరాకు.

"ఇప్పుడు లోపల మంత్రసానులున్నారు," అంటూ పూత మీద ముసిరిన తేనెటీగలను చూపించారు. "ఈగ వాలకపోతే పిందె లేదు. సైన్సూ అదే చెప్పింది, మీ నాన్నగారూ అదే చెప్పారు. కొట్టిస్తే ముందు నా మీద కొట్టించు."

అప్పుడేం జరిగిందో వినండి. తోటలోని తేనెటీగలన్నీ వచ్చి మాస్టారి భుజాల మీద శాలువాలా పరుచుకున్నాయి. ట్రాక్టరు డ్రైవరు దండం పెట్టి, బాపులపాడు దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. నేను ట్రాక్టరు వెనక్కి తిప్పాను. ఆ ఏడు మా తోట ఆకు కనపడకుండా కాసింది.

ప్రమాణం చేశాను గనుక ఒప్పుకోవాలి. శాలువా నా కల్పన. డ్రైవరు పరుగూ, ఆ కాపూ నా కల్పనే. ట్రాక్టరు తిప్పిన మాట నిజమే గానీ, అది ఆ ఒక్క రోజుకే. ఆయన మాటకు బుద్ధిమంతుడిలా తలూపి, ఆదివారం ఆయన చర్చిలో ఉండే వేళ చూసుకుని తోటంతా కొట్టించాను.

మధ్యాహ్నం చర్చి నుంచి తెల్లబట్టల్లోనే వచ్చారు. తోటలో రొద లేదు. చెట్ల కింద ఈగలు జొన్నగింజల్లా రాలి ఉన్నాయి. గట్టు దగ్గర కాసేపు ఆగి, చెప్పులతోనే లోపలికి నడిచారు. పూత కాలంలో అదే మొదటిసారి. నేను ఆయన కాళ్ల వైపే చూడడం గమనించారు.

"ఇక పురిటిల్లు కాదు కదయ్యా," అన్నారు.

ఆ ఏడు మా చెట్లు పిందె కట్టలేదు. అప్పటినుంచి మందు మొగ్గ దశలోనే కొట్టిస్తున్నాను. పూతలో చెప్పులు గట్టు మీదే. ఇందాకటి ముల్లు మాత్రం కల్పన కాదు. ఇంకా కాల్లోనే ఉంది.