సరోజత్త ఆది జాకెట్టు

మా చిన్నప్పుడు బెంగళూరు పాతపేట ఇంట్లో తొక్కుడు మిషను కిటికీ పక్కనే ఉండేది... దాని ముందు మా అవ్వ, అంటే నాన్నవాళ్ళమ్మ. బడి లేని రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కుట్టు నేర్పేది. టేపు ముట్టేది కాదు. ఎవరికి కుట్టాలన్నా వాళ్ళ ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి తెచ్చి, కొత్త గుడ్డ మీద పరిచి, దాని ప్రకారం కత్తిరించేది. అదే ఆది జాకెట్టు.

"టేపు తప్పు చెప్తాది గానీ ఆది చెప్పదు పాపా" అనేది.

అందరి ఆదులూ ఒక సంచిలో ఉండేవి. ఒక్కటి మాత్రం బీరువాలో విడిగా... ఆకుపచ్చది. సరోజత్తది. నాన్న చెల్లెలు. నేను పుట్టకముందే, పంతొమ్మిదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది. ఏటా పెద్దల అమావాస్యకు ఆమె ఫోటో ముందు కొత్త చీర, జాకెట్టు పెట్టేవాళ్ళం. ఆ జాకెట్టు అవ్వే కుట్టాలి, ఆ ఆదితోనే కుట్టాలి. పూజయ్యాక ఎవరో ఒక ఆడపిల్లకు ఇచ్చేసేది.

నాకు పదకొండేళ్ళప్పుడు... అమావాస్యకు ముందు అవ్వ పూలకని మార్కెట్టుకు వెళ్ళింది. ఈసారి అత్త జాకెట్టు నేనే కత్తిరించేసి అవ్వ చేత శభాష్ అనిపించుకుందామనుకున్నాను. అబ్బో, ఎంత పొగరో నాకు! ఆది పరిచాను, సుద్దతో గీశాను, కత్తెర ఆడించాను. ఆది పక్కకు జరిగిందని చూసుకోలేదు. కొత్త గుడ్డతో పాటు దాన్నీ ఒక పక్క కోసేశాను.

కోసిన చోటును లోపలికి పెట్టి గబగబా మిషను మీద కుట్టేశాను. ఇప్పుడు రెండో పక్క వెడల్పుగా కనబడుతోందని అటు కూడా లోపలికి కుట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించి పారేశాను. మడిచి బీరువాలో పెట్టేశాను.

అవ్వ వచ్చి, కొత్త గుడ్డ పాడుచేశానని రెండు తిట్టింది. వేరే గుడ్డ తీసుకుని, అదే ఆదితో కుట్టింది. కళ్ళకు పొరలొచ్చి ఉన్నాయి కదా... కనిపెట్టలేదు.

అమావాస్య వెళ్ళిన మూడో రోజు పొద్దున, కాఫీ లోటా పట్టుకుని అట్లే కూర్చుండిపోయింది.

"సరోజ కల్లోకి వచ్చినాదప్పా" అంది నాన్నతో. "జాకిట్టు బిగుతుగా ఉండాదమ్మా, చెయ్యెత్తేకి కాలేదు అనింది."

"సుమ్మనుండమ్మా, కలలకేముండాది" అని కొట్టిపారేశాడు నాన్న.

"ఆది తప్పదు కదప్పా. నా చెయ్యే తప్పుతా ఉండాది."

చెప్పేద్దామనుకున్నాను... చెప్పలేదు.

మరుసటేడు అవ్వ ఇంకా జాగ్రత్తగా కుట్టింది. మళ్ళీ అదే కల. మూడో ఏడు కత్తెర నా చేతికిచ్చి ఏడ్చేసింది. "నువ్వే కుట్టు పాపా. కన్న బిడ్డ కొలతే నా చెయ్యి మర్చిపోయినాది."

ఆ తర్వాత అవ్వ మిషను దగ్గరికే రాలేదు. తన చేతులను తానే తిట్టుకుంటూ ఆ చలికాలంలోనే పోయింది. చివరిదాకా పక్కనే కూర్చున్నాను. ఆది కోసింది నేనేనని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు బెంగళూరులోనే, మారతహళ్ళి ఫ్లాట్లో నాకో కరెంటు మిషను ఉంది. శనివారాలు కుట్టుకుంటాను. ఆఫీసులో వాళ్ళు "మంచి హాబీ" అంటారు. మా అమ్మాయికి ఆది అంటే ఏమిటో తెలియదు. ఫోన్లో సైజు నొక్కితే బట్టలు ఇంటికే వస్తాయి, సరిపోకపోతే వెనక్కి పంపేస్తుంది.

అమావాస్య జాకెట్టు మాత్రం ఇప్పటికీ నేనే కుడతాను, ఆ ఆకుపచ్చ ఆదితోనే. ఆ రోజు ఎంత లోపలికి కుట్టానో ఎంత తలచుకున్నా గుర్తు రాదు. ఒక ఏడు ఆదికన్నా వేలెడు ఎక్కువ వదులుతాను, ఒక ఏడు రెండు వేళ్ళు. సరిపోయిందో లేదో చెప్పడానికి అత్త నా కల్లోకి ఒక్కసారైనా రాలేదు. వస్తుందేమోనని భయమేస్తుంది... రాలేదనే ఎక్కువ భయం.

చెప్పాల్సిన వాళ్ళు ఉండగా చెప్పలేకపోయిన మాట మీలో ఎవరికైనా ఉంటే, ఇక్కడ కింద రాయండి. నాది నేను రాసేస్తున్నాను...

అవ్వా, నీ చెయ్యి తప్పలేదు.